దస్తరం నుంచి పుస్తకం దాకా

1919లో, నిజాం సర్కారు లెక్కలో 1329 ఫస్లీలో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు, వాళ్లు ఉండే చోట్లు పోలీసులు దస్తరంలో రాసిపెట్టుకోవాలి. అందులో పేరెక్కిన మనిషి ఆడబట్టలు కట్టి, నగ పెట్టి బజారులో కనబడితే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. నలుగురి ముందు ఆడినా పాడినా అంతే. రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లు నిండని మగపిల్లవాణ్ని దగ్గర ఉంచుకున్నా జైలే. బ్రిటిష్‌వాళ్లు 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో హిజ్రాల మీద రాసుకున్న షరతులనే నిజాం అధికారులు ఇంచుమించుగా దించుకున్నారు. హైదరాబాద్ నగరంతో పాటు సర్కారు ఏ ఊరి పేరు చెబితే ఆ ఊళ్లో దాన్ని అమలు చేయవచ్చు. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఆ రాజ్యంలోని జిల్లాలే.

మూడేళ్లకు, 1922 ఆగస్టులో, నల్లగొండ నుంచి 'నీలగిరి' వారపత్రిక మొదలైంది. సంపాదకుడు షబ్నవీసు వెంకట రామ నరసింహారావు. అదే నెలలో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' తెచ్చారు. తెలంగాణ పత్రికల చరిత్ర రాసేవాళ్లు ఈ తేదీలను మరిచిపోరు. 1329 ఫస్లీ చట్టం మాత్రం ఆ చరిత్రల్లో ఎక్కడా కనిపించదు. అది పోలీసుల సంగతి, ఇది సాహిత్యం సంగతి అనుకుని వదిలేశారు. కానీ రెండూ రాతపనులే. కొందరి ఒంటి గురించి, కట్టుబొట్టు గురించి, కోరికల గురించి ఈ నేల మీద ఎవరో ఒకరు ఎప్పుడూ రాస్తూనే ఉన్నారు. ఆ మనుషులే తమ గురించి రాసుకోవడానికి, ఆ రాత ఊళ్లో ఇంకొకరు చదవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

నిజాం కాలంలో తెలుగు చదవడమే అనుమానించవలసిన పని. బడిలో, కచేరీలో ఉర్దూ నడిచింది. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. గ్రంథాలయం తెరిస్తే అక్కడ ఏం చదువుతున్నారో ఎవరెవరు వస్తున్నారో వాకబు చేసేవారు. అయినా 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో మొదలైన ఉద్యమం జిల్లాలకు పాకింది. 1931లో దేవరకొండలోనూ 1936లో షాద్‌నగర్‌లోనూ ఆంధ్ర మహాసభలు జరిగాయి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టి, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. గొప్ప పని. ఆ సంచికలో స్త్రీలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

అదే పాలమూరులో ఏడు వందల ఏళ్ల కిందట ఒక స్త్రీ పద్యం చెప్పింది. గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండన భార్య కుప్పాంబిక. నేటి భూత్పూర్‌లో 1276 నాటి శాసనం ఆమెది. భర్త పేర గుడి కట్టించిన సంగతి అందులో ఉంది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని తెలంగాణ పరిశోధకుల వాదన. అయ్యలరాజు కూర్చిన పాత పద్యాల సంకలనంలో ఆమె పేర మిగిలిన పద్యం ఒక్కటే. మన్మథుడి బాణాలు ఓర్చుకోలేక, సిగ్గు విడిచి చెప్పుకోనూలేక నలిగిపోయే పడుచు దాని విషయం. రాజ్యాలు, దానాలు, కోటల లెక్కలతో నిండిన ఆ కాలపు రాతల్లో ఒక ఆడమనిషి ఒంటి బాధ ఒకే పద్యంగా నిలిచింది. మిగతావి ఎవరూ దాచలేదు.

చదువు దగ్గర కాపలా ఉన్నా ఆట దగ్గర అంత లేదు. వీధి భాగోతాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. ఒగ్గుకథలో చుక్క సత్తయ్యలాంటి కళాకారుడు ఒకే రాత్రి రాజూ రాణీ ఇద్దరూ అయ్యేవాడు. గొంతు మార్చి, నడక మార్చి తల్లి దుఃఖం పలికితే జనం ఏడ్చేవాళ్లు. వేషం తీసేశాక సత్తయ్య మళ్లీ సత్తయ్యే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. వేషం తీయని మనిషి కోసమే సర్కారు దస్తరం పెట్టింది.

ఉర్దూ చదివిన నల్లగొండ వకీలుకో పట్వారీకో ఒంటి గురించి, కోరికల గురించి రాసిన మాటలు తెలుగు కన్నా ముందు ఉర్దూలోనే ఎదురై ఉండాలి. ఇద్దరు స్త్రీల సాన్నిహిత్యం మీద ఇస్మత్ చుగ్తాయ్ రాసిన 'లిహాఫ్' 1942లో 'అదబ్-ఎ-లతీఫ్' పత్రికలో వచ్చింది. అశ్లీలమని లాహోర్‌లో కేసు నడిచి, చివరికి ఆమె గెలిచింది. 1945లో హైదరాబాద్‌లో అభ్యుదయ ఉర్దూ రచయితల మహాసభ జరిగినప్పుడు అశ్లీలతను ఖండిస్తూ తీర్మానం పెట్టారు. దాన్ని అడ్డుకున్నది యువ రచయిత కాదు, గడ్డం నెరిసిన మౌలానా హస్రత్ మొహానీ. తీర్మానం వీగిపోయింది. అప్పటికి నల్లగొండ పల్లెల్లో వెట్టి మీద, దేశ్‌ముఖుల మీద జనం తిరగబడుతున్నారు. రెండు సంగతులూ ఒకే రాజ్యంలో ఒకే కాలంలో నడిచినా ఒకదాని చప్పుడు ఇంకొకదానికి వినబడలేదు.

ఆ తిరుగుబాటులోకి ఒక పిల్ల పుస్తకం చేత పట్టుకునే వచ్చింది. మల్లు స్వరాజ్యం 1931లో కర్విరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టింది. గోర్కీ 'అమ్మ' తనను కదిలించిందని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పుకుంది. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన ఆ నవల తెలుగు నేల మీద ఎందరినో పార్టీలోకి తెచ్చింది. పదేళ్లు దాటీ దాటక ముందే ఆంధ్ర మహాసభ పిలుపు విని, ఇంటి కట్టు తప్పి, కూలీలకు బియ్యం పంచిన పిల్ల ఆమె. తర్వాత తుపాకీ పట్టింది. సర్కారు ఆమె తల మీద పది వేల రూపాయల బహుమతి ప్రకటించింది. ఈ కథ ఊరూరా తెలుసు. పోరాటం ఆగాక ఆడవాళ్లకు ఏమైందన్నది చాలా రోజులు ఎవరికీ తెలియదు.

తెలియజేసింది 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలు టేపుల మీద ఎక్కించి, వాటిని వాళ్ల యాసలోనే కాగితం మీద పెట్టారు. ఇప్పుడు అందరూ చాకలి ఐలమ్మ అని పిలిచే చిట్యాల ఐలమ్మ అందులో మాట్లాడింది. పుస్తకం రావడానికి ముందు ఏడాది, 1985 సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది. కడుపుతో ఉండగా అడవిలో తిరగడం, పుట్టిన బిడ్డను వేరే వాళ్లకు అప్పజెప్పి దళంతో పోవడం, తోటి మగవాళ్ల చూపుల మధ్య నిద్రపోవడం, పోరాటం అయ్యాక ఇక ఇంటికి పోయి వంట చూసుకోమనిపించుకోవడం, ఇవన్నీ ఆడవాళ్లే చెప్పారు. జిల్లా చరిత్రలో భూమి ఉంది, పార్టీ ఉంది, తుపాకీ ఉంది. నెలసరి, కాన్పు, పాలిచ్చే రొమ్ము ఈ పుస్తకంతోనే అందులోకి వచ్చాయి. 1989లో ఇది ఇంగ్లిషులోకి వెళ్లి బయటి దేశాల్లోనూ చదివించుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్లు ఒళ్లే తెలుగు సాహిత్యానికి పెద్ద తగువైంది. బోస్టన్ స్త్రీలు 1970లో తమ ఒంటి గురించి తామే తెలుసుకుని రాసుకున్న పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. ఆ వరుసలోనే తెలుగులో స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. డాక్టరును అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు జవాబులు మామూలు మాటల్లో దొరికాయి. కవిత్వంలో జయప్రభ పైట మీద, కొండేపూడి నిర్మల కాన్పు గది మీద, పాటిబండ్ల రజని గర్భస్రావం మీద రాశారు. వెంటనే దుమారం రేగింది. ఇది అశ్లీలం, ఇది నీలి కవిత్వం అన్నారు. 1945లో హైదరాబాద్ సభలో ఉర్దూవాళ్లు తేల్చుకున్న తగవు నలభై అయిదేళ్లకు తెలుగులో కొత్తగా మొదలైంది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం వచ్చింది. దాని పేరు 'నీలిమేఘాలు'. ఓల్గా 'రాజకీయ కథలు' మరో అడుగు ముందుకు వేసి జడనూ కళ్లనూ ముక్కుపుడకనూ కథలకు పేర్లుగా పెట్టుకున్నాయి. ఏ అవయవం మీద ఎవరి పెత్తనం ఎంతన్నదే వాటి విషయం.

ఇవన్నీ నల్లగొండకు చేరినప్పుడు అక్కడ ఒంటి గురించి వేరే మాట నడుస్తోంది. బోరుబావి నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు పచ్చబారి, ఎముకలు బిగుసుకుపోయి, నడుము వంగి, కాళ్లు దొడ్డికాళ్లయిన మనుషులు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లో ఇంటింటా ఉండేవారు. నీటి నుంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటికతో, సున్నంతో ఒక పద్ధతి కనిపెట్టి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పేరు ఆఫ్రికా దాకా పోయింది. నీళ్లు మాత్రం అప్పటికి ఊళ్లోకి రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. నల్లగొండ జిల్లాలో అంతమంది సామాన్యుల పేర్లు ఒకే చోట అచ్చయిన పుస్తకం ఇంకొకటి ఉందో లేదో.

ఫ్లోరైడ్ బాధితులు పత్రికల్లోకి ఫోటోలుగానే వచ్చారు. వంగిన ఒళ్లు సర్కారును కదిలించే సాక్ష్యం. ఉద్యమకారులు అలా చూపించక తప్పలేదు, దాని వల్లే ఢిల్లీ కదిలింది. శివన్నగూడెం అంశాల స్వామిని చిన్నతనంలో ప్రధాని వాజ్‌పేయి దగ్గరికి తీసుకుపోయి బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. ఆ పిల్లవాడు పెరిగి, మంగలి దుకాణం పెట్టుకుని, తనలాంటి వాళ్ల కోసం తానే మాట్లాడడం నేర్చాడు. 2023 జనవరిలో పోయాడు. వైకల్యం ఉన్న ఒంటికి ఇష్టాలుంటాయనీ కోపాలు, ప్రేమలు, హాస్యం ఉంటాయనీ రాయడానికి అచ్చులో చోటు ఇరుకే. జాలికి దొరికినంత చోటు వాటికి దొరకలేదు. నగరాల్లో ఎవరి ఒంటిని వారు ప్రేమించుకోవాలన్న వ్యాసాలు చదివే పాఠకుడు మర్రిగూడ మండలంలో ఒక రోజు తిరిగితే ఆ మాటకు ఇంకో అర్థం తెలుస్తుంది.

సొంత గొంతుతో రాయడం ఈ జిల్లాల్లో ముందు కులం వైపు నుంచీ మతం వైపు నుంచీ వచ్చింది. నల్లగొండ జిల్లా కేశరాజుపల్లిలో పుట్టిన స్కైబాబ 1998లో ముస్లింవాద కవిత్వ సంకలనం 'జల్‌జలా' తెచ్చాడు. తర్వాత ముస్లిం కథల సంకలనం 'వతన్' వచ్చింది. షాజహానా 'నఖాబ్' 2005లో. బురఖా వెనక ఉన్న మనిషి మీద తెలుగులో అప్పటిదాకా బయటివాళ్లే ఎక్కువ రాశారు.  2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి అప్పటిదాకా దళిత స్త్రీలు రాసినవాటిని ఒక చోటికి చేర్చింది. స్త్రీవాదుల 'మన ఒళ్లు' అన్న మాటలో తమ ఒళ్లు ఎక్కడుందని ఈ రచయిత్రులు అడిగారు. పైట తగలేయడం సరే, పైట వేసుకోనివ్వని కాలం ఎవరిదని అడిగారు. రూపం మోటుగా ఉన్నా అడగాల్సిన ప్రశ్న అదే, దానికి జవాబు చెప్పడం ఎవరికీ తేలిక కాలేదు.

హిజ్రాల మాట అప్పటికీ రాలేదు. సినిమాలో వాళ్లు నవ్వులాట, పత్రికలో నేరవార్త. కథల్లో కనిపిస్తే పక్కన నిలబడే పాత్ర.

వచ్చినప్పుడు చుట్టు తిరిగి వచ్చింది. తమిళనాడు నామక్కల్ ప్రాంతానికి చెందిన ఎ. రేవతి తన జీవితాన్ని తమిళంలో రాసుకుంటే, వి. గీత దాన్ని ఇంగ్లిషు చేశారు. 2010లో పెంగ్విన్ అచ్చువేసింది. ఆ ఇంగ్లిషు నుంచి పి. సత్యవతి తెలుగు చేశారు. 'ఇల్లలకగానే' కథతో అప్పటికే పేరున్న రచయిత్రి, విజయవాడలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు. 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. 1980లో మొదలైన ఈ ట్రస్టు 'ఏడు తరాలు' లాంటి అనువాదాలను తక్కువ ధరకు పల్లెల దాకా మోసిన సంస్థ. 'ఏడు తరాలు'లో బానిసల కథ చదివిన చేతుల్లోకే ఇప్పుడు ఈ ఆత్మకథ వచ్చింది. 2019 సంవత్సరానికి సాహిత్య అకాదమీ అనువాద పురస్కారం ఈ పుస్తకానికి దక్కింది.

రేవతి కథలో మగపిల్లవాడిగా పుట్టి ఆడపిల్లలా నడిచినందుకు అన్నలు కొడతారు, బడిలో పంతులు కొడతారు, పోలీసులు కొడతారు. పుస్తకం బలం మాత్రం దెబ్బల్లో లేదు. గురువు దగ్గర చేలాగా, అంటే శిష్యురాలిగా చేరడం, శస్త్రచికిత్స, ఆస్తి పంపకాల్లో ఇంట్లో వాటా అడగడం, ప్రేమించిన మనిషితో కాపురం, ఆ కాపురంలో విసుగు, ఇలా మామూలు బతుకంతా ఉంది. సత్యవతి అనువాదం కన్నీళ్లను పెంచదు, తగ్గించదు. తెలుగులో హిజ్రా మీద చేసిన రచనల్లో దీని తర్వాత వచ్చినవాటిని దీనితో పోల్చి చూడక తప్పదు.

కొత్తతరం రాయడం మొదలుపెట్టింది. ఎండ్లూరి మానస 'మిళింద' కథల్లో దళిత క్రైస్తవ జీవితం పక్కనే స్వలింగ ప్రేమ కూడా కథావస్తువు. 2020లో దానికి సాహిత్య అకాదమీ యువ పురస్కారం వచ్చింది. పులివెందుల నుంచి రాసే జాని తక్కెడశిల 'మది దాటని మాట' నవల ఈ వస్తువు మీదే రాశాడు. కొన్ని చోట్ల అది నవలగా కంటే వాదంగా నడుస్తుంది. దారి లేని చోట మొదట నడిచేవాళ్ల రాతలో అది సహజం. ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకున్నారన్నది కథ మొదట్లోనే తెలిసిపోయి, ఆ తర్వాత వాళ్ల అద్దె ఇంటి గొడవో అమ్మ రోగమో కథను నడిపించే రోజు వస్తే తెలుగు కథ ఇంకో మెట్టు ఎక్కినట్టు.

ఇటువంటి పుస్తకం చదవడంలో ఒక చిక్కుంది. జిల్లా గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి తీసుకోవాలంటే రిజిస్టరులో పేరు రాయాలి. పేరు రాసేది తెలిసినాయనే, నాన్నకూ తెలిసినాయనే. నల్లగొండలాంటి ఊళ్లో ఇంటిపేరు చెబితే వీధి తెలిసిపోతుంది. అందుకే ఈ పుస్తకాలు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో కొనుక్కుని బస్సులో తెచ్చుకునేవాళ్ల ద్వారా, చేతులు మారడం ద్వారా ఎక్కువగా తిరుగుతాయి. నిజాం కాలంలో పార్టీ పుస్తకాలు తిరిగిన దారి కూడా ఇదే.

1919 నాటి చట్టం హైదరాబాద్ రాజ్యం పోయినా పోలేదు. భారతదేశంలో విలీనమయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ ప్రాంతానికి చెందిన చట్టంగా, 2014 తర్వాత తెలంగాణ చట్టంగా పుస్తకాల్లో ఉండిపోయింది. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు తమ లింగాన్ని తామే నిర్ణయించుకునే హక్కు ఇచ్చింది. 2018 సెప్టెంబరులో 377 సెక్షన్ నుంచి పరస్పర అంగీకారంతో సాగే సంబంధాలను తప్పించింది. ఆ ఏడాదే వైజయంతి వసంత మొగ్లి తదితరులు ఈ పాత చట్టం మీద హైకోర్టుకు వెళ్లారు. 2023 జులై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్‌రెడ్డి ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఒక వర్గం మొత్తాన్ని నేరస్థులుగా చూడడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమన్నారు. ఆసరా పింఛన్లు ఇవ్వాలని, చదువులో ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలని ఆదేశించారు. మొగ్లి ట్రాన్స్‌జెండర్ మహిళ. ఒకప్పుడు పోలీసు పేరు రాసుకునేవాడు, ఇప్పుడు ఆమే దావాలో తన పేరు రాసి సంతకం పెట్టింది.

తీర్పు వచ్చినప్పటికి నాలుగేళ్ల కిందటే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ నుంచి మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' వచ్చింది. ఆమె చెబుతుంటే కాత్యాయని, విమల రాశారు. 1986 నాటి పుస్తకం కోసం టేపులతో మొదలైన పద్ధతే. బడికి పోని, రాయడం రాని, రాయనివ్వని మనుషుల బతుకులు ఈ జిల్లాల్లో పుస్తకంగా మారింది ఎక్కువగా ఈ దారినే. 'ఒక హిజ్రా ఆత్మకథ'ను, ఈ పుస్తకాన్ని అచ్చువేసింది ఒకే సంస్థ. పక్కపక్కన పెట్టి చదివితే ఇంటి నుంచి పారిపోవడం, తోటివాళ్లతో కొత్త ఇల్లు కట్టుకోవడం, ఆ ఇంట్లోనూ పెత్తనం కనిపెట్టడం రెండింటిలోనూ దొరుకుతాయి.

ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయాల్లో పొద్దున్నే బల్లలు పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు. ఊరి ఇంటిపన్ను మీద వసూలయ్యే ఎనిమిది శాతం గ్రంథాలయ సెస్సుతో వాళ్ల కరెంటు, ఫ్యాను, దినపత్రికలు నడుస్తున్నాయి. నల్సా తీర్పు ఏ సంవత్సరం, 377 తీర్పు ఏ ధర్మాసనం అంటే ఆ పిల్లలు తడుముకోకుండా చెబుతారు, పాలిటీ బిట్లలో అవి వస్తాయి. ఏటా కొత్త పుస్తకాలకు జాబితా వేసే అధికారులకు గైడ్లతో పాటు రేవతి పేరు, స్వరాజ్యం పేరు, షాజహానా పేరు రాయడానికి అదనంగా అనుమతులేమీ అక్కర్లేదు.